పక్క మంచం వాడి మీటర్లు

బిలాస్‌పూర్‌లో రైల్వే కుటుంబాలు వచ్చే ఒక ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజియోథెరపీ చేశాను. ఇప్పుడు ఇక్కడి మన తెలుగు కాలనీ పిల్లలు ఇద్దరు ముగ్గురు అదే చదువు చదివి ఉద్యోగాల్లో చేరుతున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. వాళ్ళకు తెలుగు కూడబలుక్కుని చదవడమే కష్టం కాబట్టి, ఇంట్లో అమ్మో తాతో చదివి వినిపించాలి. నాకు ఏ యేడు ఏ గ్రేడు వచ్చింది, ఏ ఫారం ఎలా నింపాలి అన్నవి ఇందులో ఉండవు. అవి మీ ఆఫీసే మీకు నేర్పుతుంది.

పుస్తకాల్లో మన పని గురించి కండరాలు, కీళ్ళు, ఊపిరితిత్తులు అని ఉంటుంది. అదంతా నిజమే. కానీ నలభై దాటి, జబ్బు పడి లేచిన మనిషి మీ ముందు కూర్చున్నప్పుడు అతని మనసులో ఉండేది కండరం కాదు. పక్క మంచం వాడు ఇవాళ ఎంత నడిచాడన్నది. "నాకు తగ్గుతుందా" అని అడిగిన వాళ్ళకంటే "వాడికి ముందు ఎలా తగ్గింది" అని అడిగిన వాళ్ళే నాకు ఎక్కువ మంది తగిలారు.

ఈ కుళ్ళును మందుగా వాడుకోవచ్చని నేను అనుకున్నాను. నాకది బాగా తెలిసిన సరుకు. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. మా తమ్ముడికి ఆయన కొత్త చెప్పులు కొంటే నాకు రెండు రోజులు అన్నం సహించేది కాదు. పెద్దయ్యాక ఆ బుద్ధి పోతుందన్నారు. పోలేదు, తెల్లకోటు వేసుకుంది. దానివల్ల ఒక డ్రైవరుకు ఇంజన్లో సీటు పోయింది, ఒక అమ్మాయికి ఉద్యోగం పోయింది. చెప్పాల్సింది అదే.

గోడ మీద బోర్డు

రైలు నడిపేవాళ్ళు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే గదిని లాబీ అంటారు. మా చిన్నతనంలో అక్కడ ఎవరికి ఏ బండి, ఎవరి తర్వాత ఎవరు అని ఒక బోర్డు ఉండేది. నాన్నతో వెళ్ళినప్పుడు డ్రైవర్లు ఆ బోర్డును ఎలా చూస్తారో గమనించేవాణ్ణి. తమ పేరు కంటే ముందు తమ పైనున్న పేరు చదివేవాళ్ళు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు అలాంటి నల్ల బోర్డు ఒకటి మా విభాగంలో పెట్టించాను. మంచం నంబరు, పేరు, ఇవాళ నడిచిన మీటర్లు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్పై మీటర్లు. ఎవరు ఎన్ని సార్లు తిరిగితే అన్ని ముప్పైలు వాళ్ళ పేరు పక్కన సుద్దముక్కతో రాసేవాణ్ణి.

బాగా పని చేసింది, అబద్ధం ఎందుకు. కాలు కింద పెట్టనని మొండికేసిన వాళ్ళు కూడా లేచారు. టైఫాయిడ్‌తో నీరసించిపోయిన ఒక గార్డుగారు, తన కింద పనిచేసే కుర్రాడి పేరు తన పేరు పైన చూసి దుప్పటి తీసి పారేసి నడిచారు. డాక్టర్లు వచ్చి బోర్డు చూసి భేష్ అన్నారు. నేను ఎవరు చూసినా చూడకపోయినా సుద్దముక్క చేత్తో పట్టుకునే తిరిగేవాణ్ణి.

అప్పట్లో మా విభాగానికి పెద్ద ఒక బెంగాలీ మేడమ్. పొట్టి మనిషి, మాట తక్కువ. ఒకరోజు బోర్డు ముందు చాలాసేపు నిలబడి, "నువ్వు మంచి పి.టి. మాస్టరువి" అంది. నేను మురిసిపోయాను. "ఇది బడి కాదు" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వరండాలో నన్ను పక్కన నడిపిస్తూ ఒక పద్ధతి చూపించింది. రోగి నడుస్తుంటే ఇంట్లో ఏం కూర చేశారని అడగాలి. ఆగకుండా, తొందర లేకుండా జవాబు చెప్పగలిగితే అతనికి ఆ వేగం చాలు. రెండు మాటలకోసారి ఊపిరికి ఆగితే వేగం ఎక్కువైందన్నమాట, కూర్చోబెట్టాలి. హాయిగా పాట పాడుకోగలిగితే ఇంకాస్త పెంచవచ్చు. "గడియారం కాదు, మొహం చూడు" అనేది. అదంతా నాకు ముసలి చాదస్తంలా కనిపించింది. ఆమె రిటైరయ్యాక విభాగం నా చేతికొచ్చింది. బోర్డు అక్కడే ఉంది.

గతౌరా నుంచి వచ్చిన అమ్మాయి

నాకు యాభై నాలుగో ఏట దామిని అనే అమ్మాయి కాంట్రాక్టు మీద చేరింది. ఊరు గతౌరా. రోజూ పొద్దున లోకల్ బండిలో వచ్చేది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ, చేతిలో స్టీలు డబ్బా, భుజాన గుడ్డ సంచి. వచ్చిన వారంలోనే స్టోర్‌లో మూలబడ్డ ప్లాస్టిక్ కుర్చీలు అడిగి తెచ్చుకుని వరండా పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి వేసింది.

"నడిపించడానికి వచ్చావా, కూర్చోబెట్టడానికా?" అన్నాను.

"కూర్చోడానికి చోటుందని తెలిస్తే ఇంకొంచెం దూరం వెళ్తారు, సర్" అంది.

నిజంగానే వెళ్ళారు. నాకు మండింది అందుకే.

ఆమె రోగులు బోర్డు ఎక్కలేదు. ఒక్కొక్కరికి ఒక కార్డు, అది ఆమె సొరుగులో. ఒకరిది ఇంకొకరికి చూపించేది కాదు. నడుస్తున్న మనిషి మొహం కాస్త వాడితే చాలు, "సుస్తా లే, కాకా" అనేది. అంటే కాస్త అలుపు తీర్చుకో బాబాయ్ అని. అనడమే కాదు, పక్క కుర్చీలో తనూ కూర్చునేది. యాభై ఏళ్ళ మొగాడు ఆడపిల్ల ముందు అలిసిపోయానని చెప్పడానికి సిగ్గుపడతాడు. ఆమె కూడా కూర్చుంటే ఆ సిగ్గు ఉండదు. ఇంత చిన్న సంగతి ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నాకు తట్టలేదు.

మూడు నెలలు తిరక్కుండానే పొద్దున వచ్చిన రోగులు నన్ను చూసి నమస్కారం పెట్టి, "బేటీ వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టారు. పండగలకు ఖుర్మీలనే తీపి బిళ్ళలు డబ్బాల్లో ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఆమె అందరికీ పంచేది. నా వంతు ఖుర్మీ నేను చాలాసార్లు కాగితంలో చుట్టి సంచిలో వేసుకునేవాణ్ణి, తినేవాణ్ణి కాదు. ఆ అమ్మాయిలో ఒక్క లోపం దొరికితే బాగుండునని రోజూ వెతికేవాణ్ణి.

తోడల్లుళ్ళు

అప్పలరాజు మా క్వార్టర్‌కు రెండిళ్ళ అవతల ఉండేవాడు. గూడ్సు బండ్ల డ్రైవరు. వాళ్ళ నాన్నా మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడు వచ్చిన వాళ్ళు. నన్ను అన్నియ్యా అని పిలుస్తాడు. సింహాచలం అతని భార్య చెల్లెలి మొగుడు. అతనూ డ్రైవరే, కానీ తొమ్మిదేళ్ళు చిన్న, అప్పటికే పాసింజరు బండ్ల మీదికి వెళ్ళిపోయాడు. అప్పలరాజుకు అది గొంతులో ముల్లు.

ఆ వానాకాలంలో ఇద్దరికీ ఒకే వారంలో న్యుమోనియా వచ్చింది. పక్కపక్క మంచాలు, ఇద్దరికీ ఆక్సిజన్. ఇద్దరూ బతికి బయటపడ్డారు. జబ్బు ఒకటేగానీ మనుషులు ఒకటి కాదు. సింహాచలానికి నలభై ఒకటి, సాయంత్రాలు వాలీబాల్ ఆడే ఒళ్ళు. అప్పలరాజుకు యాభై, షుగరు, ఇరవై ఏళ్ళుగా బీడీ. ఈ తేడా చదువుకున్న నాకు తెలుసు.

అతని భయం కూడా నాకు తెలుసు. ఇంజన్ ఎక్కాలంటే మళ్ళీ డాక్టర్ల బోర్డు ముందు నిలబడి ఫిట్ అనిపించుకోవాలి. కాకపోతే ఏదో ఒక గదిలో కుర్చీ ఇస్తారు. జీతం గురించి కాదు అతని బాధ. ఇంజన్‌ను దూరం నుంచి చూస్తూ బతకలేనన్నాడు. డ్రైవరు ఒక్కసారి స్పృహ తప్పి పడ్డాడని కాగితం మీద పడితే ఆ తలుపు ఇంక తెరుచుకోవడం కష్టం. ఇది డ్రైవర్లందరికీ తెలుసు, మాకూ తెలుసు. అందుకే అతనికి కావాల్సింది వేగం కాదు, పడకుండా ఉండడం.

సింహాచలం నా లిస్టులోకి వచ్చాడు. అప్పలరాజు కూడా నా దగ్గరికే వస్తాడనుకున్నాను. అతను దామినిని అడిగాడు.

"అన్నియ్యా, ఏటీ అనుకోకు. ఆ ఆడగుంట పక్కనుంటే నాకు బయం ఏయదు" అన్నాడు.

ఏమీ అనుకోలేదని చెప్పాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడ మీద ఊరికే విసుక్కున్నాను. మన ఊరి వాడు, మన భాష వాడు, రెండిళ్ళ అవతలి వాడు, నన్ను కాదని నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల దగ్గరికి వెళ్ళాడు. ఎదుటి వాడికి బాగైతే చాలుననుకునే గొప్ప మనసు నాకు ఏనాడూ లేదు.

నేను చేసిన మొదటి తప్పు బోర్డు మీద. సింహాచలం పేరు పక్కన తొంభై, నూట యాభై, మూడు వందలు అని రాస్తూ పోయాను. దాని కిందే అప్పలరాజు పేరు రాసి, పక్కన ఖాళీ వదిలాను. దామిని అంకె ఇవ్వదు కదా, నేనేం చేయనన్నట్టు. చిన్న అంకె ఉన్నా మనిషి తట్టుకుంటాడు. ఖాళీని తట్టుకోలేడు. అతను వచ్చినప్పుడల్లా ఆ ఖాళీ ముందు నిలబడేవాడు. నేను చూస్తూ ఉండేవాణ్ణి. బాగానే అనిపించేది.

ఆదివారం టీ

నాలుగో వారానికి ఇద్దరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. రోజు మార్చి రోజు వచ్చి వ్యాయామం చేసి వెళ్ళేవాళ్ళు. ఒక ఆదివారం పొద్దున నేను అప్పలరాజు ఇంటికి వెళ్ళాను. అతని భార్య రవణమ్మ టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎంతసేపు నడుత్తన్నావు?" అని అడిగాను.

"ఆరు నిమిషాలు. మద్దిలో ఓపాలి కూకుంతాను."

"ఆరేనేటి?"

"ఈ వారం ఆరు సాలంది. పై వారం ఇంకో రెండు కలపమంది. మెట్లు ఎక్కొద్దంది, బరువు ఎత్తొద్దంది."

"సింహాచలం నిన్న స్టేషన్ వంతెన ఎక్కి దిగేడు. రెండుపాళ్ళు."

అది నిజమే. నా కళ్ళముందే రెండుసార్లు ఎక్కాడు. అప్పలరాజు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పిల్లకి బయమెక్కువ" అన్నాను. "నిన్ను కూకోబెట్టుకుంటే తన పేరుకి మచ్చ రాదు. నీ సీటు ఏమైపోతే తనకేటి?"

"అయితే నాను ఎక్కొచ్చంతావా?"

"నాను ఎక్కమన్నానా? నీ ఒళ్ళు నీకు తెలీదేటి."

రవణమ్మ గుమ్మం దగ్గర నుంచి, "బావగారూ, ఆ అమ్మాయిని ఓపాలి అడిగితే మంచిది కాదా?" అంది.

"అడిగితే వద్దనే అంతాది" అన్నాను.

ఎక్కమని చెప్పలేదు. ఆ మాట ఎంత జాగ్రత్తగా తప్పించానో చూడండి. రేపు ఏమైనా అయితే నా వేలు ఎక్కడా కనపడకూడదు, కానీ దామిని మీద అతనికి గురి పోవాలి. నాకు కావాల్సింది అదొక్కటే. అతను వంతెన ఎక్కి దిగి, నా దగ్గరికి వచ్చి, నువ్వు చెప్పిందే నిజం అన్నియ్యా అంటే చాలు.

వంతెన

బుధవారం పొద్దున అతను యూనిఫాం చొక్కా వేసుకున్నాడు. డ్రైవర్లు డ్యూటీకి తీసుకెళ్ళే పెట్టె ఒకటి ఉంటుంది. జెండాలు, టార్చి, బట్టలు, పుస్తకాలు అందులోనే. ఇప్పుడు చాలామంది చక్రాల బ్యాగులు వాడుతున్నారు గానీ అతనిది పాత ఇనప పెట్టె. దాన్ని నింపి మరీ పట్టుకున్నాడు. నడిచి చూస్తే చాలదు, డ్యూటీకి వెళ్ళినట్టే వెళ్ళి చూడాలనుకున్నాడు. డ్రైవరు తప్ప ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చేయరు. రవణమ్మ స్నానానికి వెళ్ళిన సమయం చూసి, టిఫిను చేయకుండా షుగరు మాత్ర మాత్రం వేసుకుని స్టేషన్‌కు పోయాడు.

పైదాకా ఎక్కాడు. ఎక్కినందుకు సంతోషం కూడా వేసిందట. దిగడానికి మొదటి మెట్టు మీద కాలు పెట్టినప్పుడు కళ్ళు చీకట్లు కమ్మాయి. తొమ్మిది మెట్లు దొర్లాడు. పెట్టె అతని కంటే ముందు కిందికి చేరింది.

కబురు ఆసుపత్రిలో ఉండగా తెలిసింది. చదివే పిల్లలు నన్ను ఏమనుకున్నా సరే, ఇది రాయాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన బతికున్నాడా అని కాదు. ఆదివారం మాట ఎవరితోనైనా చెప్పాడా అని.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, అతుక్కుంది, చేతికర్ర మిగిలింది. ఎముక సంగతి ఎలా ఉన్నా, వంతెన మీద స్పృహ తప్పాడన్న ఆ ఒక్క ముక్క కాగితం మీద ఉండిపోయింది. ఇంజన్‌కు పనికిరాడని తేల్చి లాబీలో కుర్చీ ఇచ్చారు. డ్యూటీ ఎక్కే డ్రైవర్లతో సంతకాలు పెట్టించుకునే పని. సింహాచలం కూడా వచ్చి అతని ముందు సంతకం పెట్టి బండి ఎక్కుతాడు.

డాక్టరుగారి గదిలో

పెద్ద డాక్టరుగారు ఏం జరిగిందో తెలుసుకోవాలని ఒక్కొక్కరినీ విడిగా అడిగారు. మెట్లు వద్దని తను నోటితో చెప్పానని దామిని అంది. కార్డులో అది లేదు. ఎందుకు లేదంటే ఆ కార్డు అచ్చు వేయించింది నేను. అందులో దూరానికి, నిమిషాలకు గళ్ళున్నాయి. ఏం చేయకూడదో రాయడానికి గడి లేదు. అప్పలరాజును మంచం దగ్గర అడిగితే, చెప్పిందో లేదో గుర్తు లేదన్నాడు.

చివర నన్ను పిలిచారు. "ఆ అమ్మాయి పని ఎలా ఉంటుంది?" అన్నారు.

"మంచి పిల్లే సర్. కొత్తది. రోగికి గట్టిగా చెప్పడం ఇంకా చేతకాలేదు" అన్నాను.

అంతే. గొంతు పెంచలేదు, చెడు మాట ఒక్కటి వాడలేదు. పైగా మంచి పిల్లే అన్నాను. ఉద్యోగంలో మనుషుల్ని ముంచే మాటలు చాలా వరకు ఇలాగే ఉంటాయి, మర్యాదగా, జాలిగా. మీ గురించి ఎవరైనా పై వాళ్ళతో జాలిగా మాట్లాడితే జాగ్రత్తపడండి. మీరే ఒకరి గురించి అలా మాట్లాడబోతే ఇంకా జాగ్రత్తపడండి.

గడువు అయ్యాక ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్ళే రోజు సొరుగు తాళం, కార్డుల కట్ట నా బల్ల మీద పెట్టింది. "కుర్చీలు అక్కడే ఉంచండి, సర్" అంది. సరే అన్నాను. మర్నాడే వాటిని స్టోర్‌లో వేయించాను. వారం తిరగకముందే రోగులు వరండాలో గోడకు ఆనుకుని కింద చతికిలబడడం మొదలుపెట్టారు. నేనే వెళ్ళి కుర్చీలు మళ్ళీ తెచ్చి, ఎక్కడెక్కడ ఉండేవో గుర్తు తెచ్చుకుని వేశాను. బోర్డు కూడా ఆ ఏడే తీసేశాను. ఎందుకు తీశానని ఎవరూ అడగలేదు.

నా వంతు

రిటైరయ్యాక, పోయిన వానల్లో నాకు డెంగీ వచ్చింది. పది రోజులకు జ్వరం పోయింది, ఒంట్లో సత్తువ కూడా దాంతోనే పోయింది. మంచం దిగితే కాళ్ళు నావి కాదన్నట్టు ఉండేవి.

ఏం చేయాలో నాకు తెలియనిదేముంది? జ్వరం పూర్తిగా పోయి, డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టాలి. మొదట ఇంట్లోనే అటూ ఇటూ నాలుగైదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. ఖాళీ కడుపుతో వద్దు, నిండా తిన్న వెంటనే వద్దు. ఇవాళ చేసింది రేపు ఒంటికి బరువనిపిస్తే రేపు పెంచకూడదు, తగ్గించుకోవాలి. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఆపి డాక్టరుకు చెప్పాలి, పంతానికి పోకూడదు. మంచిగా ఉన్న రోజున ఎక్కువ చేసేయాలనిపిస్తుంది. చాలామంది పడేది ఆ మంచి రోజునే. ముప్పై ఒక్క ఏళ్ళు ఇవే మాటలు చెప్పి అన్నం తిన్నాను.

కాలనీ మైదానానికి వెళ్ళిన మూడో రోజున, డెబ్బై దాటిన ఒక పెద్దాయన కాన్వాసు బూట్లతో నన్ను దాటి పోయాడు. ఆయనెవరో కూడా నాకు తెలియదు. దాటుతూ నా వైపు చూడను కూడా లేదు. నేను వేగం పెంచాను. అర చుట్టు ఆయన పక్కనే నడిచాను. తర్వాత చెవుల్లో హోరు మొదలై, మైదానం అంచున గట్టు మీద కూలబడ్డాను.

కర్ర చప్పుడు వినిపించింది. అప్పలరాజు. మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంట్లో ఏటి కూరొండేరు?" అన్నాడు.

నాకు ఊపిరి అందక జవాబు రాలేదు.

"మరైతే కూకో. లెగకు" అన్నాడు. ఈ పద్ధతి ఎవరు నేర్పారని కాసేపటికి అడిగాను. దామిని, అన్నాడు. ఆమె ఊళ్ళోనే మంగ్లాలో సొంతంగా చిన్న క్లినిక్ పెట్టుకుందట. నాలుగేళ్ళుగా ఆమె దగ్గరికే వెళ్తున్నాడట. నాకెప్పుడూ చెప్పలేదు. బీడీ మానేశాడు, షుగరు అదుపులో ఉంది, మైదానం రెండు చుట్లు కూర్చోకుండా తిరుగుతున్నాడు. కర్ర పట్టుకున్న మనిషిని చూసి, నేను కూలబడ్డ చోటే, మళ్ళీ కుళ్ళుకున్నాను.

"ఆయేళ మీ ఇంట్లో నాను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆరేళ్ళ తర్వాత.

"ఎక్కింది నాను కదా. నువ్వు అనకపోయినా ఎక్కుదును. సింహాచలం ఎక్కేడంటే నాను ఆగుతానేటి? నన్ను తినీసేది అది కాదు. గుర్తు లేదన్నాను సూడు, అది. గుర్తుంది అన్నియ్యా. మెట్లు ఒద్దని మూడుపాళ్ళు సెప్పింది."

"మరెందుకలా అన్నావు?"

"గుర్తుందంటే మరెందుకెక్కేవని అడుగుతారు. ఎవులు ఎక్కమన్నారని అడుగుతారు. నువ్వు మనోడివి." కర్రతో నేల మీద గీత గీశాడు. "ఎల్లినప్పుడల్లా సెప్పీద్దామనుకుంతాను. నోరు రాదు. నువ్వు కూడా రా. ఇద్దరం సెప్పీసి వొచ్చీద్దాం."

మంగ్లాలో

ఆటోలో వెళ్ళాం. నేను రాస్తున్న ఈ కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. పని గురించి రాస్తున్నానని ఆమెకు తెలియాలని ఉంది, ఎందుకో. రోడ్డు పక్క రెండు గదులు, బయట గోడ వెంబడి కుర్చీలు. ఏడుగురు కూర్చుని ఉన్నారు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. మా విభాగంలో మంచి రోజున కూడా ఒకేసారి ఏడుగురు నా కోసం కూర్చోలేదు.

లోపలికి పిలిచాక దామిని లేచి నమస్కారం పెట్టింది. నుదుటి దగ్గర కొంచెం తెల్లవెంట్రుకలు వచ్చాయి. "డెంగీ వచ్చిందటగా సర్. ఎన్ని నిమిషాలు నడుస్తున్నారు?" అని హిందీలో అడిగింది. పదిహేను అన్నాను. ఆమె నా మొహం చూసి కుర్చీ చూపించింది.

అప్పలరాజు కూర్చోలేదు. కర్ర మీద ఆనుకుని తన వచ్చీరాని హిందీలో చెప్పేశాడు. "బేటీ, ఆ రోజు డాక్టరుసాబ్‌కి నేను అబద్ధం చెప్పాను. నువ్వు వద్దన్నావు. నాకు గుర్తుంది." మూడు ముక్కలు. కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె బల్ల దాటి అతని దగ్గరికి వచ్చింది. తర్వాత, "కూర్చో కాకా. కాలు చూపించు" అని మోకాలి నుంచి తుంటి దాకా చేత్తో చూసింది. అతను కాలు చాపుకుని కూర్చున్నాడు. అంత తేలిగ్గా బయటపడినందుకు అతని మీద నాకు అసూయ కలిగింది. తప్పు ఒప్పుకోవడంలో కూడా పక్కవాడు ముందు వెళ్ళిపోయాడు.

నా వంతు వచ్చేసరికి సంచిలో చెయ్యి పెట్టాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం రాస్తున్నానని చెప్పాను.

"నా గురించి ఉందా?"

"ఉంది."

"నాకు తెలుగు రాదు. చదివి చెప్పండి."

ఒక్కో వాక్యం చదువుతూ హిందీలో చెప్తూ పోయాను. బోర్డు దగ్గర తల ఊపింది. కుర్చీల దగ్గర కొంచెం నవ్వింది. ఖుర్మీల సంగతి కూడా చదివాను, అక్కడ నవ్వలేదు. అప్పలరాజు ఇంట్లో ఆదివారం దగ్గరికి వచ్చాను. నా కాగితం మీద అక్కడ ఇలా ఉంది: "సింహాచలం వంతెన ఎక్కాడని, ఆ అమ్మాయికి భయం ఎక్కువని, ఎవరో అతనితో అన్నారు."

"ఎవరో అంటే ఎవరు, సర్?" అంది.

అప్పలరాజు చాపుకున్న కాలు వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. ఈసారి నన్ను కాపాడలేదు.

"నేను" అన్నాను.

"మరి అలాగే రాయండి. పిల్లలు చదివేది కదా."

ఆమెకు కోపం వచ్చిందో లేదో నాకు తెలియలేదు. కార్డు తీసి నా పేరు రాసింది. పదిహేను నిమిషాలు కొట్టేసి ఎనిమిది చేసింది, గురువారం పొద్దున పదికి మళ్ళీ రమ్మంది, తర్వాతి మనిషిని పిలిచింది. ఇంటికి వచ్చి ఆ వాక్యం మొత్తం కొట్టేసి, ఆ ఇంట్లో టీ తాగింది ఎవరో, ఏ మాట ఎలా అన్నాడో ఉన్నదున్నట్టు రాశాను. మీరు చదివింది అదే.

ఆమె ఆపించిన చోటు తర్వాత ఇంకా మూడు పేజీలున్నాయి. డాక్టరుగారి గదిలో నేనన్న మాట వాటిలో ఉంది. అది అప్పలరాజుకు తెలియదు, ఆమెకూ తెలియదు. వద్దని చెప్పింది గానీ గట్టిగా చెప్పలేకపోయిందని అందరూ అనుకున్నారే, అలా అనుకునేలా చేసింది ఎవరని ఆమె ఈ ఆరేళ్ళలో ఎన్నిసార్లు ఆలోచించి ఉంటుందో. రేపు గురువారం. ఆ మూడు పేజీలు సంచిలో పెట్టుకున్నాను.